కూర్మారావు

"పెద్ద పనేం ఉండదు సార్, ఇంత పడేస్తే తిని ఓ మూల పడుంటుంది" అన్నాడు అక్వేరియం షాపతను. పదకొండేళ్లయింది. షాపు ఎప్పుడో ఎత్తేశారు. నా పని మాత్రం తెమల్లేదు.

అప్పుడది గుమ్మడి వడియమంత. కళ్ల వెనక ఎర్ర చారలు. మన నక్షత్ర తాబేలును పెంచితే 1972 వన్యప్రాణి చట్టం ఊరుకోదు. ఇది మిసిసిపీ వైపు సరుకు. ఆరో తరగతి చదివే మావాడు ఏడ్చి సాధించాడు. మా అమ్మ "సాక్షాత్తూ కూర్మావతారం" అంటూ డొప్ప మీద బొట్టు పెట్టబోయింది. అలా కూర్మారావయ్యాడు.

ఆర్నెల్లకు డొప్ప మెత్తబడింది. "రోజూ కిటికీ దగ్గర ఎండలోనే పెడుతున్నాం" అన్నాను. డాక్టరుగారు నవ్వారు. అద్దంలోంచి వెలుతురు వస్తుందిగానీ దానికి కావలసిన కిరణాలు రావట. అందుకు వేరే బల్బు. అది వెలుగుతున్నా కొన్ని నెలలకే సత్తువ పోతుంది, మార్చాలి. చలికాలం నీళ్లకు హీటరు. మా గీజరు పాడై నెలయినా చన్నీళ్లే పోసుకున్న నేను, దాని హీటరు కోసం రాత్రి పదింటికి షాపు తలుపు తట్టాను.

తిండి మరో కథ. నీళ్లలో ఉంటే తప్ప మింగలేదు. తిన్న నీళ్లలోనే తక్కిన పనులూ కానిస్తుంది. పైగా ఎండు రొయ్యలు! మా ఇంట్లో ఉల్లిపాయే చుట్టం. రొయ్యల డబ్బా బాల్కనీలో చెప్పుల స్టాండు మీద కాపురం పెట్టింది. ఈ జాతి వయసొచ్చేకొద్దీ ఆకుకూరల మీదికి మళ్లుతుంది. అమ్మ మాత్రం అదంతా తన సాంగత్య మహిమేనంటుంది.

తాబేలును ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కోవాలి, సాల్మొనెల్లా అంటుకోవచ్చు. పిల్లలు నోట్లో పెట్టుకుని జబ్బు పడుతున్నారనే, 4 అంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని అమెరికా 1975లో ఆపేసింది. అమ్మకు ఇది చెప్పకుండా ఉండాల్సింది. "నేనంటే చాదస్తం, అమెరికావాడంటే సైన్సూ!"

ఏడో ఏట కూర్మారావు నాలుగు గుడ్లు పెట్టాడు.

మగవాటికి ముందుకాళ్ల గోళ్లు పొడుగట. ఎవరు చూశారు? ఇప్పుడు పళ్లెమంత ఉంది. ముప్పై ఏళ్లు బతికేవీ ఉన్నాయి. నాకిప్పుడు యాభై నాలుగు. "చెరువులో వదిలేయరా" అంటాడు బావ. వదిలితే మన తాబేళ్ల ఎండ చోటూ, తిండీ ఇదే లాక్కుంటుంది.

పట్టుబట్టి కొనిపించినవాడేమో ఎమ్మెస్సుకని బాటన్ రూజ్ వెళ్లాడు. మిసిసిపీ ఒడ్డే. మొన్న వీడియో కాల్‌లో అక్కడి చెరువు చూపించాడు. దుంగ మీద వరసగా ఎర్ర చారల తాబేళ్లు. బల్బు లేదు, హీటరు లేదు, సేవకుడూ లేడు. బంధువుల్ని చూసుకుంటుందని ఫోను తొట్టి దగ్గరికి తీసుకెళ్లాను. మెడ బారెడు చాచి, తేరిపార చూసి, ఫోను కొరకబోయింది.