మిషను కుడుతుంది

పిండి ఆడించేది మర, వడ్లు ఆడించేది మిల్లు. ముందూ వెనకా ఏమీ చేర్చకుండా ‘మిషను’ అంటే మాత్రం తెలుగిళ్లలో ఒక్కటే, కుట్టుమిషను. ‘ఆవిడ మిషను కుడుతుంది’ అంటాం. కుట్టేది బట్టని కదా అని ఎవరూ తప్పు పట్టరు. ఆ మాటలో బట్ట కన్నా బతుకు ఎక్కువుంది. ‘మొగుడు పోయాక మిషను కుట్టి పిల్లల్ని చదివించింది’ అన్న మాట వినపడని వీధి మనకు లేదు. ఇంగ్లీషు నుంచి మనం తెచ్చుకున్న ఈ మాట మూలం గ్రీకులో ఉంది. అక్కడ దానర్థం ఉపాయం. ఎన్నో దేశాలు తిరిగొచ్చిన మాటకు మన ఆడవాళ్లే అసలు అర్థం తిరిగిచ్చారనిపిస్తుంది నాకు.

కుట్టుమిషను పుట్టుకలోనూ ఒక ఇల్లాలుంది. అమెరికాలో బోస్టన్ పక్కన కేంబ్రిడ్జిలో ఎలియాస్ హోవ్ అనే మెకానిక్కు ఉండేవాడు. అవిటి కాలు, వారానికి 9 డాలర్ల జీతం, ముగ్గురు పిల్లలు. ఒంట్లో బాగాలేక అతను మంచాన పడితే భార్య ఎలిజబెత్ పొద్దుపోయేదాకా ఊళ్లోవాళ్ల బట్టలు చేత్తో కుట్టి ఇల్లు గడిపేది. పడుకుని ఆమె చేతినే చూస్తుండేవాడు. ఈ పని ఇనుముతో చేయించలేమా అన్న పట్టుదల అక్కడ ముదిరింది.

చేతికుట్టును అనుకరించే మిషను మొదట చేశాడు, కుదరలేదు. అప్పుడు సూది బెజ్జాన్ని మొన దగ్గరికి దించాడు. బట్ట అవతలి వైపు నుంచి రెండో దారాన్ని మోసుకొచ్చి మెలివేయడానికి మగ్గం మీది నాడెలాంటిదాన్ని పెట్టాడు. స్నేహితుడు ఫిషర్ పెట్టిన డబ్బుతో, అతని ఇంటి అటక మీదే 1845లో మిషను తయారైంది. దానిమీద ముందుగా రెండు ఉన్ని సూట్లు కుట్టాడు. ఒకటి ఫిషర్‌కి, ఒకటి తనకి.

1846 సెప్టెంబరు 10న పేటెంటు వచ్చింది. చెయ్యి తిరిగిన ఐదుగురు కుట్టుపని ఆడవాళ్లతో పోటీపెట్టి గెలిచి చూపించాడు. అయినా 300 డాలర్లు పోసి కొన్నవాడు లేడు. లండన్ వెళ్లి ఒక వ్యాపారి దగ్గర చేరితే అదీ పొసగలేదు. భార్యాపిల్లల్ని ముందుగా అమెరికా పంపేసి, మిషనునీ పేటెంటు కాగితాలనీ తాకట్టు పెట్టి తానూ ఓడెక్కాడు. తన పద్ధతిని వాడుకుని మిషన్లు అమ్ముకుంటున్నవాళ్ల మీద దావా వేస్తే, 1854లో కోర్టు అతని హక్కు నిలబెట్టింది. సింగర్‌తో సహా మిషన్లు చేసేవాళ్లంతా అతనికి రాయల్టీ కట్టారు. లక్షల డాలర్లు వచ్చిపడ్డాయి.

ఎలిజబెత్ అవేవీ చూడలేదు. 1849లో అతను న్యూయార్కులో దిగేసరికే ఆమెకు క్షయ ముదిరింది. దారిఖర్చుకి తండ్రి పంపిన 10 డాలర్లతో ఇల్లు చేరి, కడచూపు దక్కించుకున్నాడు. ఒంటిమీద పనిబట్టలు తప్ప మరో జత లేదు. కుట్టుమిషను చేసినవాడు, చేత్తో బట్టలు కుట్టి తనని పోషించిన భార్య అంత్యక్రియలకి ఎరువు తెచ్చుకున్న సూటు తొడుక్కుని వెళ్లాడు.