అంకుల్‌కి కొత్త సూటు

'ది మ్యాన్ ఫ్రమ్ అంకుల్' 1964లో మొదలైన అమెరికన్ గూఢచారి టీవీ సీరియల్. నాలుగు సీజన్లు, 105 ఎపిసోడ్లు. 2015లో గై రిచీ దాన్ని సినిమాగా తీసి అభిమానుల మధ్య చిచ్చు పెట్టాడు.

పాతకాపుల మొదటి ప్రశ్న: దర్జీ కొట్టేదయ్యా? సీరియల్లో 'అంకుల్' అనే గూఢచారి సంస్థ ఆఫీసుకు రహస్య ద్వారం న్యూయార్క్‌లోని ఓ దర్జీ కొట్టు. సినిమాలో కొట్టు ఎత్తేసి సూట్లు ఉంచుకున్నారు. కథ కాస్త వదులైనా కోట్లు మాత్రం ఒంటికి అతికినట్టున్నాయి.

యాస పంచాయితీ మరోటి. అమెరికా గూఢచారిగా ఇంగ్లండు హెన్రీ కావిల్, రష్యా గూఢచారిగా అమెరికా ఆర్మీ హామర్, జర్మనీ అమ్మాయిగా స్వీడన్ అలీసియా వికాండర్! ఇదేం చోద్యమని గుండెలు బాదుకునే పెద్దలు ఒకటి మరిచారు. వాళ్లు నెత్తిన పెట్టుకున్న పాత సీరియల్ రష్యన్, డేవిడ్ మెక్‌కాలమ్, స్కాట్లాండ్ వాడు.

సినిమాని మెచ్చిన కొత్తవాళ్ల బ్రహ్మాస్త్రం లారీ సీను. అవతల చీకట్లో తోటి గూఢచారి పడవలో ప్రాణాలు అరచేత పట్టుకుని గిరగిరా తిరుగుతుంటే, ఇవతల కావిల్ లారీలో దొరికిన సాండ్‌విచ్ తాపీగా నములుతూ, వైన్ తాగుతూ, రేడియోలో పాట వింటుంటాడు. (ఈ ఒక్క సీనుకి నా ఓటు కొత్తవాళ్లకే.)

సంస్థ పేరు 'అంకుల్' అని సినిమా చివర్లో గానీ చెప్పరు. మిగతాది రెండో భాగంలో చూద్దామనుకున్నారు కాబోలు. ఆ రెండో భాగం రానేలేదు.