ట్రఫుల్ వాసన, బిల్లు మోత

జూబ్లీహిల్స్‌లో ఓ ఖరీదైన ఇటాలియన్ రెస్టారెంటు. దీపాలు ఎంత మసగ్గా ఉన్నాయంటే, మెనూ చదవడానికి సెల్‌ఫోన్ టార్చి వేసుకోవాల్సి వచ్చింది. ధరలు కనబడకూడదనే ఏర్పాటేమో!

కార్బొనారా తెప్పించాం. రోములో దాన్ని గుడ్డు సొన, పెకొరినో చీజు, ఉప్పులో ఊరిన పంది దవడ మాంసంతో చేస్తారు, క్రీము చుక్క పడదు. ఇక్కడ పాస్తా క్రీములో ఈత కొడుతోంది.

రిసొట్టో రావడానికి ముప్పావు గంట. బండి చక్రమంత పళ్లెం, నడిమధ్యన రెండు చెంచాల అన్నం. మా అత్తయ్య నోట పెట్టి, "పలుకుగా ఉందిరా, ఇంకాస్త ఉడకాల్సింది" అంది. పలుకుగా ఉండటమే అక్కడి పద్ధతి, సరే. చల్లారిపోవడం ఏ దేశపు పద్ధతి? పైన ట్రఫుల్ నూనె చిలకరించినందుకు అదనంగా ఆరొందలు. మార్కెట్లో దొరికే చాలా ట్రఫుల్ నూనెల వాసన ల్యాబులో పుట్టిందే. ట్రఫుల్ మొహం ఎరగదు.

ఇక బిల్లు. అడక్కుండానే పది శాతం సర్వీస్ చార్జి. అలా వేయకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022లోనే చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. అదే అడిగితే మేనేజరు, "మా పాలసీ సార్" అన్నాడు. గొంతు పెంచితే పాలసీ మారింది, చార్జి తీసేశాడు.

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు, బిల్లులో నీళ్ల సీసా వేయలేదని. ఇటలీ నుంచి దిగిందట. నాలుగొందల యాభై!