రేకు తిరగేసే నాథుడు లేడు

ఇంగ్లండులో కోతలు అయిపోయిన పొలం. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో మెటల్ డిటెక్టర్, నడుముకు చిన్న పార. యంత్రం కుయ్‌మంటుంది. ఆసామి మోకాళ్ల మీద కూలబడి జానెడు లోతు తవ్వుతాడు. అరచేతిలో ఇమిడేంత ఇత్తడి రేకు బయటపడుతుంది. మీద ఏదో లత, లత నడుమ ఏదో జంతువు, అంచున రెండు చిల్లులు. ఆ జంతువు కుక్కా, సింహమా అన్నది ఇంకా తేలలేదు. రేకు ఎవరిదన్నది మాత్రం అప్పుడే తేలిపోయింది. మట్టి రాలకముందే అది రోమన్ల కాలానిదవుతుంది. ఉమ్మి తడి చేసి బొటనవేలితో రుద్దేసరికి ఎవరో సేనాపతి కవచంలో ముక్కవుతుంది. ఇంటికెళ్లి టీ తాగేలోపు వేలం పాట కూడా మొదలవుతుంది, ఆసామి బుర్రలో.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. సామెత మనదే గానీ దాన్ని వానలో, బురదలో, ప్రతి ఆదివారం నిష్ఠగా పాటిస్తున్నది వాళ్లు.

అలాంటి రేకు నిజానికి ఏమై ఉంటుందో తెలిస్తే ఉత్సాహం కాస్త చల్లారుతుంది. గుర్రం పట్టీకి వేలాడదీసిన బిళ్ల కావచ్చు. బీరువా సొరుగు పిడి వెనక బిగించిన తొడుగో, తాళం చెవి దూరే కన్నం చుట్టూ కొట్టిన బిళ్లో కావచ్చు. బెల్టు బకిల్, లావుపాటి పుస్తకం అట్టకు వేసిన కొక్కెం, ఇంకా అదృష్టం బాగోకపోతే శవపేటిక మీద పేరు చెక్కి కొట్టిన రేకు. ఇంట్లో విరిగిన సామాను పెంటకుప్పలో పడి, ఆ పెంట బండికెక్కి, ఎరువుగా పొలానికి చేరింది. అందుకే రాజు పారేసుకున్న నగ కన్నా రైతు గుర్రం రాల్చుకున్న బిళ్ల దొరికే అవకాశమే ఎక్కువ. గుర్రాలు ఎక్కువ, రాజులు తక్కువ. ఇది లెక్కల సంగతి, ఇందులో ఎవరి పరువూ పోదు.

రేకు తన పుట్టుపూర్వోత్తరాలు చెప్పేది ముఖంతో కాదు, వీపుతో. పోత పోసిన సరుకైతే వెనక గరుకుగా ఉంటుంది, ఆకురాయి గీతలు కనిపిస్తాయి. యంత్రం కింద నొక్కి తీసిన పల్చటి రేకైతే ముందు ఉబ్బిన సింహం వెనక గుంటగా దిగి ఉంటుంది. మేకు ముక్కలు మిగిలితే చెక్కకు కొట్టినదని, రివెట్లు మిగిలితే తోలుకు బిగించినదని ఊహించవచ్చు. మొన తేలిన స్క్రూ ఒక్కటి అతుక్కుని ఉందంటే పందొమ్మిదో శతాబ్దపు వాసన కొడుతుంది, రోమన్ సేనాపతి అక్కడికక్కడే గుర్రం దిగిపోవాలి. ఇన్ని చెప్పే వీపును వదిలేసి, దొరికిన ప్రతివాడూ ముందు వైపే ఫోటో తీస్తాడు. అదీ తోమి, మెరిపించి.

తిరగేయకపోతే ఎంతదూరం పోతుందో చెప్పడానికి కాలిఫోర్నియా ఇత్తడి పలకను మించిన కథ లేదు. ఫ్రాన్సిస్ డ్రేక్ ఓడలో ప్రపంచాన్ని చుట్టివస్తూ 1579లో అమెరికా పడమటి తీరాన దిగాడు. ఆ నేలకు ‘నోవా ఆల్బియన్’ అని పేరు పెట్టి, ఇది మా ఎలిజబెత్ రాణిదని ఇత్తడి పలక మీద చెక్కించి గుంజకు కొట్టించాడట. పలకలో ఒక కంత పెట్టి, రాణి బొమ్మ కనబడేలా ఆరు పెన్నీల నాణెం కూడా అమర్చాడని ఆ ప్రయాణ వృత్తాంతం చెబుతుంది. (అక్కడ అప్పటికే కాపురముంటున్న మివోక్ జనాన్ని ఎవరూ అడగలేదు. అది వేరే వ్యాసం.)

మూడున్నర శతాబ్దాల తర్వాత, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హెర్బర్ట్ బోల్టన్ అనే పేరుమోసిన చరిత్రాచార్యుడు ఆ పలక మీద మనసు పారేసుకున్నాడు. ఎక్కడో ఉండే ఉంటుంది, ఒక కన్నేసి ఉంచండని విద్యార్థులకు ఏటేటా చెప్పేవాడు. 1936లో శాన్ ఫ్రాన్సిస్కో ఖాతం దాపున ఒక దుకాణం గుమస్తాకు పలక దొరకనే దొరికింది. డిటెక్టర్ అవసరం కూడా పడలేదు. రాణి పేరుంది, తేదీ ఉంది, డ్రేక్ పేరుంది, నాణేనికి కంత ఉంది. వరుడి కోసం వాకిట్లో కాచుకున్న ఇంటికి గుర్రమెక్కి ఎవడొచ్చినా వరుడే. 1937 ఏప్రిల్‌లో బోల్టన్ లోకానికి చాటాడు. 3,500 డాలర్లు పోగుచేసి పలకను కొని విశ్వవిద్యాలయానికి అప్పగించారు. ఆ స్పెల్లింగేమిటి, ఆ వాక్యమేమిటని కొందరు గొణిగారు. కొలంబియా విశ్వవిద్యాలయంలో లోహాల రసాయనం తెలిసిన కోలిన్ ఫింక్ పరీక్షించి, 1938లో అసలుదేనని ముద్ర వేశాడు. ఇక గొణుగుడు ఎవరికి కావాలి? పలక పాఠ్యపుస్తకాలకెక్కింది. నకళ్లు తయారయ్యాయి. ఒకటి రెండో ఎలిజబెత్ రాణికి కానుకగా కూడా వెళ్లింది. మొదటి ఎలిజబెత్‌కు చెందని పలక, ఆ రకంగా రెండో ఎలిజబెత్‌కు చెందింది.

డ్రేక్ దిగి నాలుగు వందల ఏళ్లు కావస్తున్నాయని ఉత్సవాలకు సిద్ధమవుతుండగా బర్క్‌లీలోని బ్యాంక్రాఫ్ట్ గ్రంథాలయం పలకను మళ్లీ పరీక్షకు పంపింది. 1977లో ఫలితం వచ్చింది. ఇత్తడిలో జింకు పాలు, రాగి శుద్ధి పదహారో శతాబ్దపు కొలిమికి అందేవి కావు. రేకు సుత్తి దెబ్బలతో సాగలేదు, రోలర్ల మధ్య నున్నగా సాగింది. అంచులు కోసింది ఈ కాలపు కత్తెర. అసలు చమత్కారం 2003లో బయటపడింది. చేసినవాళ్లు పరాయివాళ్లు కారు, ఆచార్యుడి స్నేహితులే. ‘ఇ క్లాంపస్ వైటస్’ అని చరిత్రా, చతుర్లూ కలిపి నడిపే ఒక సంఘం వాళ్లు ఆయన్ని కాసేపు ఆటపట్టిద్దామనుకున్నారు. ఆయన ఊరంతా టాంటాం వేసేశాక నవ్వుతూ చెప్పాల్సిన మాట గొంతులో ఇరుక్కుపోయింది. అయినా పాపం, దొరికిపోవడానికి చేయాల్సిందంతా చేశారు. అతినీలలోహిత కాంతిలో మెరిసే రంగుతో సంఘం పొడి అక్షరాలు మూడూ పలక మీద రాసిపెట్టారు. చాలదన్నట్టు పలకను వెక్కిరిస్తూ ఒక చిన్న పుస్తకమే అచ్చేశారు.

ఆ మూడక్షరాలు ఎటువైపు రాశారో వేరే చెప్పక్కర్లేదు.

దీనికి సరిగ్గా తలకిందుల కథ కూడా ఒకటుంది, సఫోక్ జిల్లా మిల్డెన్‌హాల్‌లో. 1942లో పొలం దున్నుతుంటే నాగలికి పళ్లేలు, గిన్నెలు, చెంచాలు కలిపి ముప్పైకి పైగా సామాను తగిలింది. సిడ్నీ ఫోర్డ్ అనే ఆయన వాటిని ఇంటికి తెచ్చి, వంకరలు తీసి, తోమి, ఏదో తగరపు సామానులే అని అలంకారానికి బల్ల మీద పెట్టుకున్నాడు. అందులో పెద్ద పళ్లెం అరవై సెంటీమీటర్ల వెడల్పు, ఎనిమిది కిలోల పైచిలుకు బరువు, నడిమధ్య సముద్రదేవుడి ముఖం. అంతా వెండి. నాలుగో శతాబ్దపు రోమన్ వెండి! రోమన్ అని కేక పెట్టాల్సిన ఒకే ఒక్క చోట ఎవరూ పెట్టలేదు. సంగతి అధికారులకు తెలిసి నిధిగా తేలేసరికి 1946 వచ్చింది. ఆలస్యం చేసినందుకు పూర్తి విలువ దక్కలేదు, పొలం దున్నినవాడికీ, ఫోర్డ్‌కీ తలా వెయ్యి పౌన్లు ముట్టాయి. పళ్లెం బ్రిటిష్ మ్యూజియానికి చేరింది. ఫోర్డ్‌కు నిజంగానే తెలియలేదా, తెలిసీ తగరమన్నాడా అనే అనుమానం మాత్రం ఇప్పటికీ తెగలేదు.

తోమితే ఏం పోతుందో చెప్పే కథ జర్మనీది. అక్కడ నెబ్రా దగ్గర 1999లో దొంగచాటుగా డిటెక్టర్ పట్టిన ఇద్దరికి ఒక గుండ్రని కంచు పలక దొరికింది. మీద బంగారంతో అద్దిన బింబం, నెలవంక, చుక్కలు. మూడు వేల ఆరు వందల ఏళ్లనాటి ఆకాశం. వాళ్ల పనిముట్టు దెబ్బకు ఆకాశం అంచు చిట్లింది, బింబం మీది బంగారం కొంత ఊడింది. 31,000 మార్కులకు అమ్మేశారు. చేతులు మారి మారి 2002లో బాసెల్‌లో పోలీసులు పన్నిన వలలో చిక్కింది. అది ఏ గుట్ట మీద దొరికిందో రుజువు చేయడానికి అక్కరకొచ్చింది దేనిమీదైతే అందరికీ చిరాకో అదే, పలకకు అంటిన మట్టి. తోమేవాళ్లు మురికితో పాటు సాక్ష్యాన్ని కూడా తూములో వదులుతారు.

దొరికినదాన్ని తెలిసినవాళ్లకు చూపించడానికి ఇంగ్లండులో దారి లేకపోలేదు. 1996 నిధుల చట్టం ప్రకారం నిధి కిందికి వచ్చేది దొరికితే 14 రోజుల్లో చెప్పాలి. మిగతా చిల్లర సామాను చూసిపెట్టి రాసుకోవడానికి 1997 నుంచి ఒక పథకం నడుస్తోంది. ఇప్పటికి పదిహేను లక్షలకు పైగా వస్తువులు అందులోకెక్కాయి. అక్కడి ఉద్యోగి రేకును చేతిలోకి తీసుకుని మొట్టమొదట తిరగేస్తాడు. తర్వాత, “ఇది సొరుగు పిడి తొడుగండీ” అంటాడు. రోమన్ సామ్రాజ్యం రోజూ ఇలాంటి బల్లల మీదే కూలుతూ ఉంటుంది.

మనవైపు ఆ ఉద్యోగి దాకా వెళ్లేదెవరు? రెండు తెలుగు రాష్ట్రాల్లో డిటెక్టర్ కొన్నవాడికి బకిళ్లతో పనిలేదు, సరాసరి లంకెబిందెలే. అమావాస్య, నిమ్మకాయలు, పాడుపడ్డ గుడి, పగలగొట్టిన నంది. పది రూపాయలు దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878లోనే చట్టం రాశారు గానీ మంత్రగాడు ఆ చట్టం చదివి ఉండడు. గునపం కూడా బరువనుకునేవాళ్లకు బియ్యపు గింజల్ని లాక్కుంటుందనే ‘రైస్ పుల్లింగ్’ చెంబు ఉంది. పిడుగు పడ్డ రాగి అట, ఇరిడియం అట, నాసా వాళ్లు కోట్లిచ్చి కొంటారట. బియ్యపు గింజలకు ఇనుపరజను పట్టించి, చాటున అయస్కాంతం పెట్టి చూపించే ఆట అది. కోట్ల ఆశతో లక్షలు పోసినవాడు చెంబును తిరగేసి చూసేది పోలీస్ స్టేషన్‌కు వెళ్లాకే.

ఇదే నేలలో నాగలికి తగిలిన నిజమైన రాగిరేకుల మీద లతలుండవు, సింహాలుండవు. వేంగి చాళుక్యుల దానశాసనమే తీసుకుంటే నాలుగైదు రేకులు, వాటికి చిల్లు, చిల్లులోంచి లావుపాటి కడియం, కడియానికి వరాహముద్ర, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అనే అక్షరాలు. రాత అరిగిపోకుండా రేకు అంచులను కాస్త పైకి లేపేవారు. మొదటి రేకు పైవైపు, చివరి రేకు వెలుపలి వైపు సాధారణంగా ఖాళీగా వదిలేసేవారు. ఊరిపేరు, పొలం ఎల్లలు, దానం పట్టినవాడి గోత్రం, అన్నీ లోపలే. కడియం విరిగి, ముద్ర ఎటో పోయి, ఒక్క చివరి రేకే మిగిలిందనుకుందాం. పాత సామాన్ల కొట్టువాడు దాని ఖాళీ ముఖం చూసి, కిలో ఎంతకిస్తావని అడుగుతూ తక్కెడ పైకెత్తుతాడు.