వదినగారి పట్టు పరికిణీ

మా ఆడపడుచుకి నచ్చే పట్టు పరికిణీని ఈ భూమ్మీద ఏ మగ్గమూ ఇంకా నేయలేదు. కూతురి పెళ్ళికి కల్యాణమండపం, వంటవాళ్ళు, ఆఖరికి అల్లుడు కూడా ఆవిడకి చప్పున నచ్చేశారు. తోడపెళ్ళికూతురి బట్టల దగ్గర మాత్రం బండి ఆగిపోయింది.

ఆ తోడపెళ్ళికూతురు మా అమ్మాయి. 12 ఏళ్ళు. గౌను చూపిస్తే "నేను చిన్నపిల్లనా?" అంటుంది, ఓణీ చూపిస్తే "నేనేమన్నా ఆంటీనా?" అంటుంది. కొట్లలోనూ అదే గొడవ. పిల్లల సెక్షన్‌లోవి పిక్కల దగ్గరే ఆగిపోతాయి, పెద్దవాళ్ళవి భుజాల మీంచి జారిపోతాయి.

మా వదిన బజారుకెళ్ళేది కొనడానికి కాదు, కొట్టువాళ్ళ అజ్ఞానం పోగొట్టడానికి. బీసెంట్ రోడ్డులో ఒక కుర్రాడు "ప్యూర్ పట్టు మేడం" అన్నాడో లేదో, సంచీలోంచి అగ్గిపెట్టె బయటికొచ్చింది. అంచు పక్కన వేలాడే పోగొకటి లాగి, గుమ్మం బయటికెళ్ళి వెలిగించింది. వెంట్రుక కాలిన కంపు కొట్టి, బూడిద వేళ్ళ మధ్య పొడైపోతే పట్టు. కరిగి గట్టి పూసలా ముద్దకడితే పాలిస్టర్. పరీక్ష మంచిదే, కాదనను. కానీ సిల్క్ మార్క్ చీటీ ఉన్న బట్టకి కూడానా? "చీటీ కాగితమేగా, అది అన్నిటికంటే ముందు కాలుతుంది" అంది.

గద్వాల తీస్తే "ఒళ్ళంతా నూలు, అంచొక్కటే పట్టు" అని పక్కన పెట్టింది. ఉప్పాడ మరీ పల్చనట. పోచంపల్లి డిజైను ఫోటోలో అలుక్కుపోతుందట. ధర్మవరం బరువు, పిల్ల మోయలేదట. ఆపైన నా వైపు తిరిగింది.

"నీ పెళ్ళినాటి కంచిపట్టు బీరువాలో ఊరికే పడుందిగా? అయిదున్నర మీటర్లు. పరికిణీకి పోగా ఓణీకి కూడా వస్తుంది."

"మరి మీది కూడా ఊరికే ఉందిగా వదినా?"

"నాదెలా కోస్తామే? అది పెళ్ళి చీర!"

చివరికి ఆ ధర్మవరమే కొంది. బరువుంటేనే కుచ్చిళ్ళు నిలబడతాయట.

టైలరు మాస్టారు కొలతలు తీస్తుంటే, ఈవిడ టేపు వెంటే తిరుగుతూ ఆయన చెప్పిన ప్రతి అంకెకీ రెండంగుళాలు కలిపించింది. కింద టక్కులు, జాకెట్టు పక్కల్లో బోలెడు గుడ్డ వదలడం సరే సరి. అలా పుస్తకంలో పడిన కొలతలు మా పిల్లవి కావు, రేపెప్పుడో ఇంటర్‌లో చేరబోయే మా పిల్లవి. కుట్టి ఇచ్చాక వేసుకుని అద్దంలో చూసుకుని, "అత్తా, ఇందులో ఇంకో అమ్మాయి పడుతుంది" అంది పాపం.

"ఆ అమ్మాయివీ నువ్వేనే" అంది ఆవిడ.

కోపం వచ్చినా ఒకటి చెప్పాలి. ఇంత హడావిడిలో పిల్లకేం కావాలో కన్నతల్లిని నేనడగలేదు, వాళ్ళ నాన్న అసలే అడగడు. ఆవిడే, పరికిణీ పిన్నుల్తో బిగిస్తూ, "నీకేం కావాలే?" అంది. అది గొణిగింది: "జేబు. ఫోను పెట్టుకోడానికి."

ఇంక వీపు మోగుతుందనుకున్నాను. వదిన మాస్టారి వైపు తిరిగింది. "పట్టు పరికిణీకి జేబేంటమ్మా?" అని ఆయన నసిగితే, "మా రోజుల్లోనూ ఇదే మాట చెప్పి చేతిగుడ్డ కూడా పెట్టుకోనివ్వలేదు. కుట్టండి" అని గదమాయించింది. కుడిపక్క, కుచ్చిళ్ళ చాటున, లోతుగా జేబు వచ్చింది. మా అమ్మాయికి ఆ రోజు నుంచీ అత్త దేవత.

పెళ్ళిరోజు జీలకర్ర బెల్లం వేళకి ఆ పిల్ల కుడివైపుకి ఒరిగి నిలబడి ఉంది. జేబులో విడిదింటి తాళాలు, వక్కల పొట్లం, వదిన బీపీ మాత్రలు, దక్షిణలకి విడిగా కట్టిన నోట్లు. ఫోను నా చేతికొచ్చింది.

"పంతులుగారికి 10 రూపాయలివ్వవే!" మంటపం అవతల్నుంచి కేక.

"పదులైపోయాయత్తా! 100 ఉంది!"

"అదే ఇచ్చి, ఆయన దగ్గర 90 అడిగి జేబులో వేసుకో!"