ఫార్మాట్ కొట్టేద్దాం సార్!

కంప్యూటర్ నెమ్మదించిందా? ఫార్మాట్ కొట్టించండి. తెర నీలంగా మారి ఆగిపోతోందా? ఫార్మాట్ కొట్టించండి. ప్రింటర్ పలకడం లేదా? దానికీ అదే. సందు చివరి సర్వీసు కుర్రాడి విద్యంతా జేబులోని పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది. మూత విప్పడు, లోపలి చప్పుడు వినడు. 'విండోస్ కరప్టయింది సార్' అంటాడు. మనం తలూపుతాం. కరప్షన్ అంటే మనకు వెంటనే నమ్మబుద్ధేస్తుంది.

పాపం, హార్డ్ డిస్క్ చాలాసార్లు చెప్పే చస్తుంది. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే పళ్లేల మీద, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తున దాని ముల్లు ఏళ్ల తరబడి పరుగులు తీసింది. ఇప్పుడు టక్కుటక్కుమంటోంది. ఫోల్డర్ తెరవమంటే టీ తాగి రమ్మంటోంది. పైగా తన జబ్బుల చిట్టా తానే రాసుకుంటుంది. స్మార్ట్ అనే ఈ ఏర్పాటు 1990ల నుంచీ డిస్కుల్లో ఉంది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేస్తే ఎన్ని గంటలు తిరిగిందో, ఎన్ని సెక్టార్లు చెడ్డాయో, ఎన్నిటిని చదవలేక పెండింగ్‌లో పెట్టిందో తెర మీద కనిపిస్తాయి. కానీ చూస్తే జబ్బు తెలిసిపోదూ? తెలిశాక ఫార్మాట్ డబ్బులు ఎలా అడుగుతాడు?

ఆ పెండింగ్ లెక్కలోనే ఉంది అసలు కిటుకు. చదవలేకపోయిన సెక్టారు సంగతి, దాని మీద మళ్లీ రాసినప్పుడే డిస్కు తేల్చుకుంటుంది. పనికొస్తే ఉంచుకుంటుంది, లేకపోతే స్పేర్ సెక్టారుకు మారుస్తుంది. కొత్త విండోస్ ఎక్కేసరికి అలాంటివి కొన్ని చిట్టాలోంచి మాయమవుతాయి. ఫైళ్లు తగలబెట్టి, పెండింగ్ కేసులు లేవని పైవాళ్లకు నివేదిక పంపినట్టన్నమాట. కొన్నాళ్లు మిషన్ పరుగులు తీస్తుంది. 'చూశారా సార్!' అంటాడు కుర్రాడు. మళ్లీ మొరాయించేసరికి అతని దగ్గర మందు సిద్ధంగానే ఉంటుంది.

ఇంటాయన మాత్రం తక్కువ తిన్నాడా? ఫొటోలు భద్రమేనా అంటే 'డి డ్రైవ్‌లో పడేశాగా' అంటాడు ధీమాగా. సి, డి, ఇ అని ముగ్గురన్నదమ్ములకు వాటాలు పంచినట్టు గీతలు గీసినా, ఉన్నది ఒక్క డిస్కే. అది కూలితే వాటాదారులంతా వీధిన పడాల్సిందే.

నిజంగా చేయాల్సింది బొత్తిగా చప్పటి పని. విండోస్ సంగతి తర్వాత. డిస్కులో కాస్త ఊపిరుండగానే కావలసినవి వేరే డిస్కులోకి కాపీ చేసుకోవాలి. ఈలోగా చెక్‌డిస్క్ నడిపి, కొన ఊపిరితో ఉన్నదాని చేత మొదటి నుంచి చివరిదాకా చదివించకూడదు. ఆ తర్వాత రెండున్నర అంగుళాల ఎస్‌ఎస్‌డీ ఒకటి కొని, అవే సాటా కేబుళ్లు తగిలించడమే. బోర్డు పాతదైనా సాటా పోర్టుంటే చాలు. పూర్తి వేగం రాకపోయినా పాత డిస్కు కన్నా నయం. తిరిగే భాగాలేవీ లేవు కాబట్టి డబుల్ టేప్‌తో అతికించినా కదలదు. ఇంత సులువైన పనికి ఫీజు ఏం గిట్టుబాటవుతుంది?

షోరూములో అయితే ఫార్మాట్ గొడవే ఉండదు. 'ఇంత పాతదాని మీద ఖర్చు దండగ సార్, విండోస్ 10కి 2025 అక్టోబర్‌తోనే సపోర్ట్ ఆగిపోయింది, కొత్తది తీసుకోండి' అంటారు. చెప్పింది అబద్ధం కాదు. లినక్స్ ఉందన్న సంగతి మాత్రం వాళ్ల నోట రాదు.

చివరికి డిస్కు మారుస్తాడు కుర్రాడు. 'పాతది ఇక్కడే వదిలేయండి, ఫార్మాట్ కొట్టేశాగా, దాంతో మీకేం పని?' అంటాడు. క్విక్ ఫార్మాట్‌లో పోయేది విషయసూచికే. మీ ఆధార్ స్కాన్లు, పొలం కాగితాలు, అమ్మాయి పెళ్లి ఫొటోలు, వాటి మీద ఇంకేదైనా రాసేదాకా అక్కడే ఉంటాయి. ఉచిత సాఫ్ట్‌వేర్ ఉన్న ఎవడైనా తీసి చూసుకోవచ్చు. మీకు మాత్రం అన్నీ పోయాయనే చెబుతారు. లబోదిబోమంటే కుర్రాడే జాలిపడతాడు.

'రికవరీ చేయించుకోవచ్చు సార్. కాకపోతే కొంచెం ఖర్చవుద్ది.'