చూడకముందే తేల్చేయండి: బ్యాట్‌మ్యాన్ అభిమానులకు చిట్కాలు

సినిమా చూసి బాగుందో లేదో చెప్పడానికి టికెట్టు డబ్బులుంటే చాలు. అసలైన అభిమాని అనిపించుకోవడానికి అది సరిపోదు. చూడని సినిమాను తీసిపారేయడం రావాలి. చూసినదాన్ని పాతదాని పక్కన నిలబెట్టి చిన్నబుచ్చడం రావాలి. ఇంకా మొదలే పెట్టని సినిమాను నెత్తిన పెట్టుకోవడం రావాలి. ఈ మూడూ పట్టుబడితే మీకిక తిరుగులేదు.

అభ్యాసం బ్యాట్‌మ్యాన్ మీదే చేయండి. 1939లో ‘డిటెక్టివ్ కామిక్స్’ 27వ సంచికలో పుట్టిన హీరో అతను. ఆ వేషం కట్టినవాళ్లు బోలెడుమంది. వాళ్లలో చాలామంది మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టినవాళ్లే. ఇంకో రీబూట్ కూడా తీస్తామని స్టూడియో ముందే ప్రకటించి ఉంచింది. జీవితాంతం వాదించుకోవడానికి ఇంతకన్నా అనువైనవాడు దొరకడు.

1. పేరు ప్రకటించిన రోజే వద్దనండి

హీరో ఎవరో బయటికొచ్చిన గంటలోపు ‘వీడా?’ అని పెట్టేయండి. ట్రైలర్ దాకా ఆగితే మీ మాటకు విలువుండదు, అప్పటికి అందరూ ఏదో ఒకటి చూసి ఉంటారు. ఏమీ చూడనప్పుడు చెప్పిన తీర్పుకే బలం ఎక్కువ, ఎందుకంటే దాన్ని కాదనడానికి ఎదుటివాడి దగ్గరా ఏమీ ఉండదు.

ఈ విద్యలో మనకు గొప్ప పూర్వీకులున్నారు. టిమ్ బర్టన్ తన 1989 సినిమాకు మైకేల్ కీటన్‌ను తీసుకున్నాడని తెలియగానే, కామెడీ చేసుకునేవాడు బ్యాట్‌మ్యాన్ ఏమిటని వార్నర్ బ్రదర్స్‌కు దాదాపు 50,000 ఉత్తరాలు వెళ్లాయని చెబుతారు. ఇంటర్నెట్ లేని రోజులు. కాగితం కొని, రాసి, స్టాంపు అంటించి, పోస్టు డబ్బా దాకా నడిచి వెళ్లి వేసి వచ్చారు. మనకు ఆ అవస్థ లేదు. పడుకునే ఆన్‌లైన్ పిటిషన్ మీద సంతకం పెట్టొచ్చు. 2013లో బెన్ అఫ్లెక్ మీద పెట్టారు. 2019లో రాబర్ట్ పాటిన్‌సన్ మీద, ఆ రక్తపిశాచాల ప్రేమకథలో చేసినవాడా అని పెట్టారు. పిటిషన్ చదవనక్కర్లేదు, సంతకం పెడితే చాలు.

మీరు వద్దన్నవాడు అదరగొడితే? కంగారు పడకండి. 2006లో హీత్ లెడ్జర్‌ను విలన్ జోకర్‌గా ప్రకటించినప్పుడు చాలామంది అభిమానులు ముఖం చిట్లించారు. ‘ది డార్క్ నైట్’ 2008లో వచ్చింది. విడుదలకు ముందే, ఆ జనవరిలోనే అతను చనిపోయాడు. మరుసటి ఏడాది ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ వచ్చింది. అలాంటి సందర్భంలో చేయాల్సిన పని ఇది. రాత్రికి రాత్రి పాత పోస్టులన్నీ డిలీట్ చేయండి. పొద్దున లేచి ‘అందరూ తిట్టినప్పుడు నేనొక్కణ్ణే నమ్మాను’ అని కొత్తది పెట్టండి. ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి ఉంచితే అకౌంట్ ఎవరో హ్యాక్ చేశారనండి. ఈ సాకు ఎన్నిసార్లు వాడినా అరగదు.

2. ఎవరూ చూడనిదాన్ని మెచ్చుకోండి

‘ది డార్క్ నైట్’ తీసిన నోలన్ గొప్పా, బర్టన్ గొప్పా అని నలుగురూ కొట్టుకుంటున్నప్పుడు మీరు తాపీగా ‘1943 నాటి సీరియల్ ముందు ఇవన్నీ ఎందుకూ పనికిరావు’ అనండి. అది కొలంబియా వాళ్లు తీసిన 15 భాగాల నలుపు తెలుపు సీరియల్. లూయిస్ విల్సన్ హీరో. గబ్బిలాల గుహలో రహస్య స్థావరం అన్న ఆలోచన ఆ సీరియల్‌తోనే వచ్చింది. ఈ మూడు వాక్యాలు కంఠతా పట్టండి. ఎదుటివాడు దాన్ని చూసి ఉండడు. మీరూ చూడక్కర్లేదు.

ఇంకో మెట్టు ఎక్కాలనుకుంటే అసలు విడుదలే కాని సినిమాను పట్టుకోండి. ‘బ్యాట్‌గర్ల్’ అని ఒకటుంది. సుమారు 9 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి తీశారు, కీటన్ మళ్లీ బ్యాట్‌మ్యాన్‌గా నటించాడు. 2022 ఆగస్టులో స్టూడియో దాన్ని ఎక్కడా విడుదల చేయబోమని పక్కన పడేసింది. థియేటర్లో లేదు, ఓటీటీలో లేదు. అదే మొత్తం వరుసలో ఉత్తమ చిత్రమని ప్రకటించండి. ఒక్క సీను కూడా మీ మాటను అబద్ధం చేయలేదు. 1994లో తీసి మూలన పడేసిన ‘ఫెంటాస్టిక్ ఫోర్’కూ ఇదే పద్ధతి పనికొస్తుంది. కాకపోతే దాని దొంగ కాపీలు బయట తిరుగుతున్నాయి, చూసినవాడు ఎవడైనా తగిలే ప్రమాదముంది. బ్యాట్‌గర్ల్ భద్రం.

3. సినిమాకో కొలత పెట్టుకోండి

పోలికలో ఓడిపోయేవాళ్లందరూ ఒకే తప్పు చేస్తారు. అన్ని సినిమాలనూ ఒకే కొలతతో కొలుస్తారు. మీకు నచ్చినదానికి ఒక కొలత, నచ్చనిదానికి ఇంకొకటి పెట్టుకుంటే ఏ వాదనలోనూ వెనకడుగు వేయనక్కర్లేదు.

కామిక్స్‌లో బ్యాట్‌మ్యాన్ తల్లిదండ్రుల్ని చంపినవాడు జో చిల్ అనే దొంగ. 1989 సినిమాలో ఆ హత్య కుర్ర వయసులో ఉన్న జోకర్ చేస్తాడు. బర్టన్ మీ వాడైతే ‘దర్శకుడన్నాక ఆ మాత్రం స్వేచ్ఛ ఉండాలి, కథ ఎంత బిగిసిందో చూడు’ అనండి. మీ వాడు కాకపోతే ‘మూలకథ చదవనివాడు ఎందుకు తీయాలి’ అనండి. రెండు వాక్యాలూ ఎప్పుడూ జేబులో ఉంచుకోండి.

చంపే విషయమూ ఇంతే. బ్యాట్‌మ్యాన్ ప్రాణం తీయడన్నది నియమం. 2016లో అఫ్లెక్ బ్యాట్‌మ్యాన్ కార్లతో గుద్ది, కాల్చి మనుషుల్ని చంపితే అభిమానులు గగ్గోలు పెట్టారు. కీటన్ బ్యాట్‌మ్యానూ చంపాడు, ‘బ్యాట్‌మ్యాన్ రిటర్న్స్’లో ఒకడికి బాంబు తగిలించి మరీ నవ్వుతూ పోయాడు. దాన్ని ఎవరైనా గుర్తుచేస్తే ‘ఆ కాలం వేరు’ అనండి. 2005 సినిమా చివర్లో క్రిస్టియన్ బేల్ విలన్‌ను కూలిపోయే రైల్లో వదిలేసి ఎగిరిపోతాడు. చంపడం వేరు, కాపాడకపోవడం వేరు అని దాని మీద ఒక అరగంట లాగండి. ఈలోపు అసలు ప్రశ్న ఏమిటో అడిగినవాడే మరిచిపోతాడు.

నిడివి కూడా గొప్ప ఆయుధం. పాటిన్‌సన్ ‘ది బ్యాట్‌మ్యాన్’ 176 నిమిషాలు. నచ్చకపోతే లాగాడు, కూర్చోలేకపోయాం అనండి. జాక్ స్నైడర్ ‘జస్టిస్ లీగ్’ 242 నిమిషాలు. నచ్చితే ఇంకో గంట ఉన్నా చూసేవాళ్లం అనండి. రెండూ ఒకే శ్వాసలో అనడానికి కొంచెం సాధన కావాలి, అద్దం ముందు నిలబడి చేయండి.

రంగులకూ ఇదే సూత్రం. 1997లో జోయెల్ షూమాకర్ గాథమ్ నగరాన్ని నియాన్ లైట్లతో నింపేశాడు, సూట్ల మీద చనుమొనలు పెట్టాడు. దాన్ని చెత్త అనండి. ఆ వేషం కట్టిన జార్జ్ క్లూనీ స్వయంగా చాలాసార్లు క్షమాపణ చెప్పుకున్నాడు కాబట్టి మీకు అడ్డొచ్చేవాడు లేడు. 1966లో ఆడమ్ వెస్ట్ అంతకంటే గాఢమైన రంగుల్లో, కాలు పట్టుకున్న సొరచేప మీద స్ప్రే కొట్టి దాన్ని వదిలించుకున్నాడు. దాన్ని మాత్రం ‘అమాయకత్వం’ అని మెచ్చుకోండి.

4. ఓడిపోయేలా ఉంటే ఊరు దాటించండి

మీ వాదన బలహీనపడిందని అనుమానం వచ్చిన క్షణమే బ్యాట్‌మ్యాన్‌ను వదిలేయండి. మన తెలుగువాళ్లకు ఇందులో ఎవరికీ లేని వసతి ఒకటుంది. క్రిస్టఫర్ రీవ్ సూపర్‌మ్యాన్ 1978లో వస్తే, ఎన్టీఆర్ ‘సూపర్‌మ్యాన్’ 1980లోనే వచ్చేసింది. ‘అసలు మనవాళ్లు ఎప్పుడో తీశారు, నీకు తెలుసా?’ అని అడగండి. అక్కణ్ణుంచి మాట ఎన్టీఆర్ మీదికి, ఆయన మీంచి నేటి హీరోల మీదికి, అక్కణ్ణుంచి కలెక్షన్ల మీదికి దానంతటదే పోతుంది. పది నిమిషాల్లో అందరూ అందరినీ తిట్టుకుంటూ ఉంటారు. మీరు ఓడిపోబోయిన సంగతి ఎవరికీ గుర్తుండదు.

5. చూసే పని తగ్గించుకోండి

మూడు గంటలు కూర్చుని సినిమా చూడటం అనవసర శ్రమ. ట్రైలర్‌ను ముక్కలు ముక్కలుగా విడదీసి చెప్పే వీడియో ఒకటి పెట్టుకోండి, అదీ రెట్టింపు వేగంతో. థంబ్‌నెయిల్‌లో ఎర్ర బాణం ఎటు చూపిస్తుందో గమనించండి. మీ అభిప్రాయానికి అది చాలు.

తప్పక థియేటర్‌కు వెళ్లాల్సి వస్తే పక్కవాడికి నిశ్శబ్దం దొరకనివ్వకండి. ‘ది డార్క్ నైట్’లో బేల్ తల తిప్పిన ప్రతిసారీ ‘కీటన్ సూట్‌లో మెడ తిరిగేది కాదు తెలుసా, అందుకే ఇందులో కొత్త సూట్ అడిగే సీను పెట్టారు’ అని చెవిలో చెప్పండి. సంగీతం మొదలవగానే ఇది హాన్స్ జిమ్మర్, కీటన్ సినిమాకైతే డానీ ఎల్ఫ్‌మన్ అని చెప్పండి. క్లైమాక్స్‌లో ఏం జరుగుతుందో ముందే చెప్పండి, వాడు భయపడకుండా ఉంటాడు.

పిల్లలతో వెళ్తే ఇంకా జాగ్రత్త. మొదటిసారి చూసేవాడు దేన్నైనా ఇష్టపడిపోతాడు, మొదట్లోనే దిద్దాలి. మేనల్లుడు మీ చెయ్యి పట్టుకుని ‘మామయ్యా, ఆ కారు చూశావా!’ అని అరిస్తే, ‘ఇదేం కారురా? 1966 నాటి బ్యాట్‌మ్యాన్ కోసం లింకన్ ఫ్యూచరా అనే కారును మార్చి చేశారు, అదీ బ్యాట్‌మొబైల్ అంటే’ అని చెప్పండి. వాడు చెయ్యి వదిలేస్తాడు. రెండోసారి అరవడు. బయటికొచ్చాక ఎలా ఉందని అడిగితే ‘ఏమో మామయ్యా’ అంటాడు. అంతే, పిల్లవాడికి విమర్శనా దృష్టి వచ్చేసింది.

6. అసలు సినిమా వేరే ఉందనండి

మీ దర్శకుడి సినిమా పోయిందా? స్టూడియో కోసేసిందనండి. 2017లో ‘జస్టిస్ లీగ్’ వచ్చిన దగ్గర్నుంచి అభిమానులు నాలుగేళ్లు ఇదే మాట పట్టుకుని కూర్చున్నారు, 2021లో స్నైడర్ వెర్షన్ నిజంగానే బయటికొచ్చింది. ఒక్కసారి నిజమైంది కాబట్టి ఇక ప్రతి సినిమాకూ నిజమే.

7. రీబూట్‌ను ఇప్పుడే ప్రేమించేయండి

చిట్కాలన్నిటికీ ప్రాణం ఇదే. 2023 జనవరి 31న స్టూడియో తరఫున జేమ్స్ గన్, పీటర్ సాఫ్రన్ కలిసి ‘ది బ్రేవ్ అండ్ ది బోల్డ్’ అనే కొత్త బ్యాట్‌మ్యాన్ సినిమాను ప్రకటించారు. ఇందులో బ్యాట్‌మ్యాన్‌కు కొడుకు ఉంటాడు, పేరు డేమియన్ వేన్, వాడే అతని తోడు రాబిన్. పాటిన్‌సన్ కథతో దీనికి సంబంధం లేదు. ప్రకటించినప్పుడు హీరో పేరు చెప్పలేదు, విడుదల తేదీ చెప్పలేదు.

హీరో లేడు కాబట్టి చెత్తగా నటించడు. తేదీ లేదు కాబట్టి లేటవదు. కథ తెలియదు కాబట్టి లాగదు. ఇప్పటిదాకా వచ్చిన బ్యాట్‌మ్యాన్ సినిమాలన్నిటికంటే ఇదే గొప్పదని ధైర్యంగా చెప్పండి. పాటిన్‌సన్ సినిమాలో ఏ సీను బాగుందని ఎవరన్నా ‘రీబూట్‌లో చూడు’ అనండి. హీరో ఎవరైతే బాగుంటుందో మీరే జాబితా రాయండి, ఏఐతో పోస్టర్ చేయించి ‘లీక్ అయింది’ అని గ్రూప్‌లో పడేయండి. నిద్ర మానేసి కొడుకు సూట్ ఏ రంగులో ఉండాలో తేల్చండి. ఆఫీసు పని రేపు చేసుకోవచ్చు, సూట్ రంగు రేపటికి ఆగదు.

హీరో పేరు ప్రకటించిన రోజున మాత్రం ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా మొదటి చిట్కాకు వెళ్లండి. మీరు ఊహించుకున్నవాడు వాడు కాడు. సినిమా విడుదలైన రోజున తర్వాతి రీబూట్ గురించి మొదలుపెట్టండి.

8. ఫలితం కనబడుతుంది, గుర్తుపట్టండి

కొన్నాళ్లకు మీరు గ్రూప్‌లోకి వస్తే మిగతావాళ్లు ‘సరే, బై’ అని వెళ్లిపోతారు. మీతో వాదించడానికి ఎవరికీ దమ్ము లేదని దానర్థం. సినిమాకు వెళ్దామని పిలిచేవాళ్లు తగ్గుతారు, టికెట్టు డబ్బులు మిగులుతాయి. ఏ సినిమా పెట్టుకున్నా పది నిమిషాలకే కట్టేస్తారు, కాలం మిగులుతుంది. చిన్నప్పుడు ఎంతో ఇష్టపడిన 1989 సినిమాను మళ్లీ చూస్తే అందులోనూ తప్పులే కనబడతాయి. అక్కడికి వచ్చారంటే విద్య పూర్తయినట్టే, ఇక మిమ్మల్ని ఏ దర్శకుడూ మెప్పించలేడు.

మాట్ రీవ్స్ తీస్తున్న ‘ది బ్యాట్‌మ్యాన్’ రెండో భాగం 2025 నుంచి 2026కి, అక్కణ్ణుంచి 2027 అక్టోబరు 1కి వాయిదా పడింది. కాబట్టి టైముంది. దాన్ని తిడుతూ మీరు పెట్టబోయే పోస్టు ఈ రాత్రే రాసి పెట్టుకోండి.